మూత లోపల పండిన ఆకులు

మూత 84వ రోజు

కుండీలు 312. చచ్చినవి 2. కోసిన పూలు అరకిలోకి కాస్త తక్కువ.

మూడో బల్ల మీది బంతి మొక్కల్లో, అవతలి చామంతుల్లో కింది ఆకులు పసుపు తిరిగాయి. కింది ఆకులు ముందు పండితే అది ఆకలి. నత్రజని చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోంచి లాక్కుని లేత ఆకులకి పెట్టుకుంటుంది. "ముందు ఏ ఆకు పాడైందో చూడు, తరవాత ఎలా పాడైందో చూడు" అనేది మా అమ్మ. నేలలో ఉన్న మొక్కయితే వేరు చాచి ఎక్కడో ఒకచోట వెతుక్కుంటుంది. మావన్నీ పాత బ్యాటరీ డబ్బాల్లో, మూడేళ్ల నాటి కొబ్బరి పీచు కలిపిన గుప్పెడు మట్టిలో ఉన్నవి. నేను పోసిందే వాటికి తిండి. ఎరువు నీళ్లు రెండింతలు చేశాను.

దుమ్ము తుఫాను వచ్చి ఇవాళ్టికి రెండు వారాలు. కొండ మీది సౌర పలకలు దుమ్ములో కూరుకుపోయాయి. అప్పట్నుంచి కానుగ నూనె ఇంజను రోజంతా నడుస్తోంది. గాలి పంకాలు, చల్లదనం, దీపాలు అన్నిటికీ అదే దిక్కు. తలుపు బయట కూడా దుమ్ము గుట్టగా పడింది. నిన్న ఎనిమిది మంది కలిసి తోసినా వేలెడు కదల్లేదు. కదిలితే మాత్రం ఎక్కడికి పోతాం, బయట యాభై ఏడు డిగ్రీలు. ఎండలకి తలుపు మూసుకునే ఈ మూత రెండు వందల రోజులూ గడిచి, వానలు పడి, లోయలో ఉన్న ఇంకో సొరంగం వాళ్లు వచ్చి తవ్వితేనే మేం బయటపడేది.

ఈ సొరంగం లోపల నూట డెబ్భై ఆరు మందిమి.

మూత 87వ రోజు

మందారాలది వేరే గొడవ. వీటిలో పండినవి లేత ఆకులు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య మాత్రం నిమ్మపండు రంగు. ఇది ఇనుము అందకపోవడం. కుండీలో ఇనుము లేక కాదు, నీళ్లలో సున్నం ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. లిట్మస్ కాగితం ముంచితే నీలం తిరిగింది. చిటికెడు నిమ్మ ఉప్పు, ఇనుము ఉండే అన్నభేది చిటికెడు కలిపి పోశాను.

ఆస్పత్రి గది చూసే నూకరత్నం వారం పూల కోసం వచ్చింది. ముఖం పీక్కుపోయింది.

"పిన్నీ, ఈ వారం తలనొప్పని వచ్చినోళ్లు పంతొమ్మిది మంది. ఇద్దరు పిల్లలు వాంతులు కూడా చేసుకున్నారు."

"మూత నొప్పి కాదేటి?"

"అదే అయ్యుంటుంది. ఎనభయ్యో రోజు దాటాక ప్రతి ఏడూ వస్తుంది కదా. ఈసారి కాస్త ఎక్కువగా ఉంది, అంతే."

నాకూ ఉంది. రాతి గోడల్ని చూసి చూసి కళ్ల వెనకాల మొదలయ్యే నొప్పి. మొదటి మూతలో ఈ పూల గది లేదు. ఆ ఏడు ఆరుగురు ఇంకిక్కడ ఉండలేమని తలుపు తీసుకుని పగటి ఎండలోకి నడిచిపోయారు. మళ్లీ రాలేదు. రెండో ఏటి నుంచి పూలకి రోజుకి తొంభై లీటర్ల నీళ్లు రాసిచ్చారు. అప్పట్నుంచి ఎవరూ తలుపు దగ్గరికి పోలేదు. అందుకే ఒక కుండీ పసుపు తిరిగినా నాకు నిద్ర పట్టదు.

మూత 91వ రోజు

చామంతులు కోలుకున్నాయి. మందారాల కొత్త చిగుళ్లు నిగనిగలాడుతున్నాయి. పొద్దున్న వాటిని చూసి నా భుజం నేనే తట్టుకున్నాను.

మూడో బల్ల బంతులు మాత్రం మారలేదు. మట్టి మీద తెల్లటి ఉప్పు పేరుకుంది, ఎరువు ఎక్కువైందేమోనని కుండీలన్నిటినీ మంచి నీళ్లతో కడిగాను. ఒక మొక్కని డబ్బాలోంచి తీసి వేళ్లు చూశాను. తెల్లగా, గట్టిగా, వాసన లేకుండా ఉన్నాయి. ఏ జబ్బూ లేదు.

ఆ బల్ల కింద ఊడుస్తుంటే మందార మొగ్గలు దొరికాయి. ఆ బల్లకి ఆనుకుని ఉన్న మందారాల నుంచి విచ్చుకోకుండానే రాలినవి. నలభై ఒకటి.

మూత 94వ రోజు

మెగ్నీషియం అనుకుని ఎప్సం సాల్ట్ ఇచ్చాను. ఫలితం లేదు. మూడో బల్ల బంతుల్లో ఇప్పుడు పై ఆకులూ కింది ఆకులూ ఒకేసారి పండుతున్నాయి. అంతకంటే వింత ఏమిటంటే, ఆకుల కాడలు కిందికి వంగాయి. నీళ్లు లేక వాలితే ఆకు మెత్తబడుతుంది. ఇవి బిరుసుగానే ఉన్నాయి, మట్టి తడిగానే ఉంది. ఎవరో ఒక్కొక్క ఆకునీ పట్టుకుని కిందికి వంచినట్టుంది.

పెద్దరికం చేసే వరహాలక్క వచ్చి బల్లలన్నీ తిరిగి చూసింది. ఆవిడకి కోపం రాదు. వస్తేనే బాగుండును.

"దాలమ్మా, పాలకూర గది వాళ్లు నీళ్లు చాలడం లేదంటున్నారు. చచ్చే మొక్కలకి తొంభై లీటర్లు ఎందుకంటే నేను ఏటి చెప్పాలి?"

"వారం టైమివ్వక్కా."

"వారం." గుమ్మం దగ్గర ఆగి నుదురు నొక్కుకుంది. "నువ్వు చేసే పని చిన్నదని నేననుకోను. గానీ వారమే."

మూత 96వ రోజు

పోలినాయుడు పోయాడు. తూర్పు వరసలో మూడో గది. రాత్రి మామూలుగా తిని పడుకున్నాడట, పొద్దున్న లేవలేదు. అరవై ఒకటి. నూకరత్నం చూసి గుండె అని రాసుకుంది. బుగ్గలు మాత్రం బతికున్నవాడిలా ఎర్రగా ఉన్నాయి.

లోపల పోయినవాళ్లని కింది చల్లగదిలో ఉంచుతాం, తలుపు తెరిచేదాకా. ఒక దండ వేస్తాం. రేపటికి దండ కట్టాలి.

మూత 97వ రోజు

మూడో బల్ల పూలు పనికిరాలేదు. ముట్టుకుంటే రేకులు రాలిపోయాయి. నాలుగో బల్ల బంతులు కోసి దండ కట్టాను. నాలుగో బల్లకి ఏమీ కాలేదు. అదే విత్తనం, అదే పీచు, అవే నీళ్లు. ఆ మాట నేను ఇన్నాళ్లూ ఎందుకు అనుకోలేదో.

పోలినాయుడు భార్య సూరీడమ్మ వదిన దండ తీసుకోవడానికి తనే వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మూడో బల్ల ముందు నిలబడిపోయింది.

"ఇవన్నీ ఇలా పండిపోయాయేంటి దాలమ్మా? లేతవి కూడా పండిపోయాయి."

"తెలీడం లేదు వదినా."

"ఎవరో మాగబెట్టినట్టున్నాయి."

ఆవిడ వెళ్లిపోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నా చిన్నప్పుడు, జనం ఇంకా ఏడాదంతా బయట బతికిన రోజుల్లో, మా అమ్మ అరటి గెలల గోదాములో పని చేసేది. పచ్చి గెలలు గదిలో పేర్చి, మూల కుంపటిలో పొగబెట్టి, తలుపు మూసి మట్టి మెత్తేవారు. రెండు రోజులకి గెలలన్నీ పసుపు. పక్క గదిలో ఒక పూలాయన బుట్టలు పెట్టుకునేవాడు. పొగబెట్టిన ప్రతిసారీ ఆయన మొగ్గలు విచ్చకుండా రాలిపోయేవి, ఆకులు వంగిపోయేవి. ఆయనా మా అమ్మా దాని మీద పోట్లాడుకోవడం నాకు బాగా గుర్తు. పండబెట్టేది వేడి కాదు, పొగలో ఉండే కంటికి కనపడని గాలి.

పూల గది సొరంగానికి నడుమ ఉంది. ఒక చివర తూర్పు గాలి కంత, ఇంకో చివర పడమటి గాలి కంత. మూడో బల్ల తూర్పు కంత కింద ఉంది. పోలినాయుడు పడుకున్నది తూర్పు వరసలో, పొగ విషం పట్టినవాళ్ల బుగ్గలే అలా ఎర్రగా ఉండిపోతాయి. నూకరత్నం దగ్గరికి పరిగెత్తాను. తలనొప్పి వాళ్ల పేర్లు చదివించాను. ఇరవై ఆరు మందిలో ఇరవై ముగ్గురు తూర్పు వరస వాళ్లు.

పడమటి వరసకి గాలి పాత గని గొట్టం నుంచి వస్తుంది. తూర్పు వరసకి ఇంజను పక్కన ఉన్న గాలి బావి నుంచి. ఆ బావిలోంచే ఇంజను పొగగొట్టం కూడా పైకి పోతుంది.

మూత 97వ రోజు, మధ్యాహ్నం

గాలి గది చూసేది మా బావగారు, సన్యాసిరావు. మా ఆయనకి అన్న. మా ఆయన పోయిన ఏడు నన్ను ఈ సొరంగంలోకి తెచ్చింది ఆయనే, పూల పని ఇప్పించిందీ ఆయనే. నేనాయన ఎదురుగా కూర్చుని కూడా ఎరుగను.

"బావగారూ, తూర్పు గాలిలో ఇంజను పొగ కలుస్తోందేమో చూడండి."

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. గోడ మీది మీటరు చూపించాడు. విషవాయువు సున్నా.

"పొగ అయితే వాసన రాదేటమ్మా?"

"బావి నోటి దగ్గర బొగ్గు జల్లెడ ఉంది కదండీ. వాసనా మసీ అది పట్టేస్తుంది. మిగతాది పట్టదేమో."

"మీటరు సున్నా అంటోంది దాలమ్మా."

"మరి మొక్కలు?"

"మొక్కలకి నూరు జబ్బులు. నువ్వే చెప్తావు కదా."

తిరిగి వచ్చేశాను. మీటరు చదువుతున్నంతసేపూ ఆయన నా కళ్లలోకి చూడలేదని గది దాకా వచ్చాక గుర్తొచ్చింది.

మూత 98వ రోజు

నాలుగో బల్ల నుంచి ఒకే ఈడు బంతి మొక్కలు పన్నెండు ఏరాను. ఒక్క పసుపు ఆకు లేనివి. అన్నిటికీ ఒకే కొలత నీళ్లు పోసి, ఆరు తూర్పు వరస కంతల కింద, ఆరు పడమటి వరస కంతల కింద పెట్టాను. ఒక్కో గదివాళ్లకి ముట్టుకోవద్దని చెప్పాను.

సూరీడమ్మ వదిన గదిలో కుండీ పెడుతుంటే ఎందుకని అడిగింది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"వదినా, ఇవాళ రాత్రికి పడమటి వరసలో మీ చెల్లెలి దగ్గర పడుకో."

"ఏటి జరుగుతోంది?"

"రేపు పొద్దున్న చెప్తాను. పడుకోకు ఇక్కడ, అంతే."

మూత 99వ రోజు

తూర్పు వరసలో ఆరు కుండీలూ వంగాయి. తడి మట్టి, బిరుసు ఆకు, కిందికి వాలిన కాడ. బావికి దగ్గరగా ఉన్న రెండు మరీ ఎక్కువగా. పడమటి ఆరూ నిటారుగా ఉన్నాయి.

పన్నెండూ తెచ్చి వరహాలక్క గది ముందు రెండు వరసలుగా పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది. ఒక ఆకు కాడని వేలితో పైకి లేపింది. వదలగానే మళ్లీ వంగింది.

"పద" అంది.

గాలి గదిలోకి ముగ్గురం వెళ్లాం. నేను, వరహాలక్క, నూకరత్నం. మేం పిలవకుండానే సూరీడమ్మ వదిన వెనక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సన్యాసీ, ఆ మీటరు గోడ మీంచి తియ్యి" అంది వరహాలక్క.

"ఎందుకక్కా?"

"ఇంజను పొగగొట్టం అతుకు దగ్గర పెట్టు. అక్కడ పొగ ఉంటుంది కదా. ఎంత చూపిస్తుందో చూద్దాం."

ఆయన కదల్లేదు. నూకరత్నం తీసింది. ఇంజను గదిలో అతుకు దగ్గర సన్నగా పొగ తేలుతోంది, కళ్లు మండేంత. మీటరుని ఆ పొగలో పెట్టింది. మేమందరం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు.

సున్నా.

వరహాలక్క అడిగింది: "ఎప్పట్నుంచి?"

"రెండు మూతలైంది." ఆయన గొంతు నేను ఎప్పుడూ విననిది. "విషం పసిగట్టే లోపలి బిళ్ల కాలం తీరిపోయింది. కొత్తది కావాలని లోయ వాళ్లకి మూడుసార్లు కబురు పెట్టాను. వాళ్లకే లేవన్నారు."

"మాకు చెప్పలేదు."

"చెప్పి ఏటి చెయ్యనక్కా? తలుపు తీసుకుని పోగలమా? ఇక్కడ గాలి ఎలాంటిదో తెలుసుకునే దారి లేదని చెప్తే, రెండు వందల రోజులూ ఒక్కరు కళ్లు మూసుకోగలరా? మొదటి మూతలో ఆరుగురు పోయారు. మామూలుగా ఇంజను రోజుకి రెండు గంటలే నడిచేది. ఏమీ కాదనుకున్నాను. తుఫాను వస్తుందనుకోలేదు."

గుమ్మంలోంచి సూరీడమ్మ వదిన మాట్లాడింది. అరవలేదు.

"భయపడనిచ్చుంటే మా ఆయన పడమటికి పోయి పడుకునేవాడు కదా."

ఆయన తల వంచుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా తూర్పు వరస వాళ్లందర్నీ పడమటికి తరలించాం. చాప పక్కన చాప. నూట డెబ్భై అయిదు మంది, సగం మందికి సరిపడే గాలి.

మూత 100వ రోజు

84వ రోజు నుంచి పోలినాయుడు పోయేదాకా పన్నెండు రోజులు. ఆకలి అన్నాను, సున్నం అన్నాను, ఉప్పు అన్నాను. సగం నిజమే, చామంతులూ మందారాలూ కోలుకున్నాయి, అందుకే నా చదువు మీద నాకు నమ్మకం పెరిగిపోయింది. ఏ ఆకు అని చూశాను, ఎలా పండింది అని చూశాను. ఎక్కడి మొక్క అని చూడలేదు. 91వ రోజున మొగ్గలు ఊడ్చి పారేసేటప్పుడు ఒక్కసారి తల పైకెత్తి ఉంటే ఆ గాలి కంత కనపడేది. పోలినాయుడు ఆ తరవాత ఇంకా అయిదు రోజులు బతికి ఉన్నాడు.

ఈ మాట వరహాలక్కతో అన్నాను. "రాసుకో. రాసుకుని పని చూడు" అంది.

పడమటి వరసలో గాలి చిక్కబడింది. అగ్గిపుల్ల గీస్తే మంట నీరసంగా వెలిగింది. ఇలా ఎన్నో రోజులు కుదరదు. ఇంజను ఆపి, పొగగొట్టం చల్లారాక, ఎవరో ఒకరు గాలి బావిలోకి పాకి వెళ్లి గొట్టానికి పడ్డ పగులు మూయాలి. ఆ లోపలి మెలికలన్నీ తెలిసినవాడు ఒక్కడే.

మూత 101వ రోజు

తెల్లవారగానే ఇంజను ఆపాం. ఆ హోరు ఆగాక సొరంగం ఎంత పెద్దదో, మేమెంత లోపల ఉన్నామో ఒక్కసారి తెలిసింది. పిల్లలు ఏడుపు మానేసి వినడం మొదలుపెట్టారు.

బ్యాటరీలతో పది దీపాలు, పడమటి పంకా ఒక్కటి. జనమంతా కింద నీళ్ల గదిలో, చెరువు అరుగుల మీద కూర్చున్నారు. అక్కడే కాస్త చల్లన. పొద్దున్న వేడి ముప్పై ఒక్క డిగ్రీలు. గొట్టం కాస్త చల్లారేసరికి లోపల ముప్పై తొమ్మిది.

బావగారికి అరవై ఏడు. నడుముకి తాడు కట్టుకున్నాడు. ఒక సంచిలో తడిపిన బంకమట్టి, బూడిద, రేకు ముక్క, బిగించే పట్టీలు.

"తాడు ఎవరు పట్టుకుంటారు?" అంది వరహాలక్క.

ఎవరూ ముందుకి రాలేదు. కోపమో, భయమో. నేను పట్టుకున్నాను.

"రెండుసార్లు లాగితే బాగున్నట్టు" అన్నాడు ఆయన. "లాగకపోతే నువ్వు లాగు."

గాలి బావి కంతలోకి దూరాడు. పాదాలు కనపడకుండా పోయాయి. తాడు నా చేతుల్లోంచి మూరమూరగా జారింది. పద్దెనిమిది మూరల దగ్గర ఆగింది. లోపలి నుంచి రేకు గీసుకుంటున్న చప్పుడు, దగ్గు. మధ్య మధ్య రెండు లాగుళ్లు.

తరవాత లాగుళ్లు ఆగాయి.

నేను లాగాను. తాడు బిగుసుకుంది, జవాబు లేదు. "బావగారూ!" అని కంతలో తల పెట్టి అరిచాను. ముఖానికి పొయ్యి మూత తీసినంత వేడి కొట్టింది. మళ్లీ లాగాను. ఈసారి ఎవరో నా వెనక తాడు పట్టుకున్నారు. తిరిగి చూడలేదు, తాడు మీదున్న చేతులు చూశాను. సూరీడమ్మ వదినవి.

ఇద్దరం కలిసి లాగాం. తాడు ఒక మూర వచ్చింది. అప్పుడు అవతలి నుంచి గట్టిగా రెండుసార్లు లాగాడు.

"పట్టీ బిగిస్తున్నాను, ఆగండి" అని వినపడింది, చాలా దూరం నుంచి.

వదిన తాడు వదిలేసి వెళ్లిపోయింది. బయటికి వచ్చాక ఆయనతో కూడా ఎవరు లాగారో నేను చెప్పలేదు. ఇంకా పూర్తిగా చల్లారని గొట్టానికి తగిలి ఆయన అరచేతుల చర్మం ఊడి వచ్చింది. నూకరత్నం కట్టు కడుతుంటే పళ్లు బిగబట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంజను మళ్లీ వేసేసరికి లోపల నలభై రెండు. ఇద్దరు ముసలివాళ్లు సొమ్మసిల్లారు, తేరుకున్నారు. పూల గదిలో కనకాంబరాలన్నీ వాడిపోయాయి. అరవై కుండీలు.

మూత 103వ రోజు

కొత్త బంతి మొక్కలు ఆరు తూర్పు వరసలో పెట్టి రెండు రోజులైంది. ఆరూ నిటారుగా ఉన్నాయి. ఒక్కో గదికీ నేనూ వరహాలక్కా కలిసి వెళ్లి చూశాం. సాయంత్రానికి జనం చాపలు చుట్టుకుని తూర్పుకి తిరిగి వెళ్లారు. వెళ్లారు గానీ, ప్రతివాళ్లూ గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చి అప్పుడు లోపలికి అడుగు పెట్టారు.

మూత 106వ రోజు

ఇంటికో బంతి కుండీ ఇవ్వాలని నిర్ణయం. మీటరు లేదు కాబట్టి. పొద్దున్నే అందరూ కుండీలు పట్టుకుని పూల గది ముందు నిలబడుతున్నారు. ఆకు కొంచెం వాలితే చాలు, గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొస్తున్నారు. మట్టిలో వేలు పెట్టి చూసి "నీళ్లు పొయ్యలేదమ్మా, అంతే" అని చెప్తున్నాను. కొందరు భయంతో మరీ ఎక్కువ పోసి వేళ్లు కుళ్లబెడుతున్నారు. ఇన్నాళ్లూ పూలు పూయించడమే నా పని. ఇప్పుడు నేను బాగుంది అంటేనే నూట డెబ్భై అయిదు మంది పడుకుంటున్నారు. నేను తప్పు చెప్తే?

బావగారు రెండేళ్లు ఏ బరువుతో తిరిగాడో కాస్త అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించినట్టు కాదు.

మూత 110వ రోజు

సన్యాసిరావు గురించి పంచాయితీ జరిగింది. కొందరు వేరే గదిలో పెట్టి తాళం వెయ్యమన్నారు.

"తాళం వెయ్యకపోతే మాత్రం ఎక్కడికి పోతాడు?" అంది వరహాలక్క. "పంపించేద్దామంటే మనకి బయట లేదు. తలుపు తెరిచాక లోయ పెద్దల ముందు పెడదాం. అంతదాకా అతనూ ఇక్కడే, మనమూ ఇక్కడే."

గాలి గది నూకరత్నానికి అప్పగించారు. ఆయన్ని పూల గదిలో నీళ్లు మోసే పనికి వేశారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేదాన్ని.

మూత 118వ రోజు

ఆయన పొద్దున్నే వస్తాడు. కట్లు విప్పిన చేతులు ఇంకా గులాబి రంగులో ఉన్నాయి, బిందె అంచు పట్టుకోలేడు. మోచేతుల మీద పెట్టుకుని మోస్తాడు. నేను ఆకులు చూస్తూ పైకి చెప్పుకుంటుంటాను కదా, అవి వింటాడు. నిన్న ఒక మందారం ముందు నిలబడి "ఇది సున్నం కదా?" అన్నాడు. సున్నమే.

జనం కుండీలు చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆయన్ని దాటుకుని నా దగ్గరికి వస్తారు. ఆయన కూర్చున్న బల్ల పక్కన కుండీ పెట్టరు. సూరీడమ్మ వదిన అయితే ఆయన వెళ్లేదాకా మలుపులో నిలబడి ఆ తరవాత వస్తుంది. నలభై అడుగుల దారి. ఇద్దరికీ వేరే దారి లేదు.

మూత 126వ రోజు

కుండీలు 249. కొత్త కనకాంబరం నారు పోశాను.

పొద్దున్న నేను వెనక గదిలో అన్నభేది తూస్తున్నాను. వదిన గొంతు వినపడింది. మలుపులో ఆగకుండా ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. తెర సందులోంచి చూశాను. చంకలో కుండీతో నిలబడి ఉంది. బావగారు బిందె కింద పెట్టి గోడకి జరిగి దారి ఇచ్చాడు. ఆవిడ దాటలేదు.

కుండీ ఆయన ముందు బల్ల మీద పెట్టింది. కింది ఆకులు మూడు పసుపుగా ఉన్నాయి.

ఆయన కుండీని చూశాడు, ఆవిడని చూశాడు. "దాలమ్మ లోపల ఉంది. పిలుస్తాను."

"దాలమ్మని ఎప్పుడైనా అడుగుతాను. నిన్ను అడుగుతున్నాను."

ఆయన వంగాడు. మట్టిలో వేలు పెట్టాడు. ఒక్కో కాడా కింద నుంచి పై దాకా చూశాడు. చిగురు పక్కకి తిప్పి చూశాడు. చాలాసేపు పట్టింది. నేను బయటికి వెళ్లబోయి ఆగిపోయాను.

"కింది ఆకులే పండాయి. కాడ వాల్లేదు. మొగ్గ గట్టిగా ఉంది. ఎరువు చాల్లేదు, అంతే" అన్నాడు. "గాలి బాగుంది."

"నిజం చెప్తున్నావా?"

"నిజమే."

వదిన ఆయన ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. తరవాత కుండీని ఆయన వైపు జరిపింది. ఆయన మోచేతులతో బిందె ఎత్తి, ఎరువు నీళ్లు కొలిచి, ఒలకకుండా నెమ్మదిగా పోశాడు. నీళ్లు మట్టిలోకి ఇంకేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

తలుపు తెరవడానికి ఇంకా డెబ్భై నాలుగు రోజులు.